శ్రీశైలం ముంపు ఊళ్ల తరఫున

వేదిక మీది పెద్దలకు, గ్రంథాలయ వారోత్సవాలకు వచ్చిన మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం ‘వలసలు, కారణాలు’. కరువు గురించి, అప్పుల గురించి, బొంబాయి బస్సుల గురించి నా ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. అందుకని రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి శ్రీశైలం ముంపు గురించే మాట్లాడతాను.

1963లో కృష్ణ మీద శ్రీశైలం డ్యాముకు నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు మునిగాయి. దాదాపు లక్ష మంది ఇల్లూ వాకిలీ వదిలారు. శ్రీశైలం మట్టం 885 అడుగులకు చేరిందని వార్తల్లో వింటారు కదా, మా పొలాలు ఆ నీళ్ల కిందే ఉన్నాయి.

1981లో ఇళ్లు కూలగొట్టేవాళ్లు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చారు. మా నాన్న దూలాలు, దర్వాజాలు ఊడదీసి బండికెత్తాడు. కొత్త జాగాలో ఇల్లు కట్టడానికి డబ్బు చాలక అవి వానకు నానాయి. చివరికి అమ్మేశాడు.

అప్పటి భూసేకరణ చట్టం 1894 నాటిది. పట్టా ఉంటే భూమి ధర, దాని మీద 15 శాతం అదనంగా ఇచ్చేవాళ్లు. 1984లో దాన్ని 30 శాతం చేశారు, మా ఊళ్లు అప్పటికే ఖాళీ. మరి కౌలుకు చేసేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు, కృష్ణలో వల వేసేవాళ్లకు ఏ పట్టా ఉంటుంది? బట్టలుతికే కుటుంబం, కుండలు చేసే కుటుంబం ఊరు ఒక్కచోట ఉంటేనే బతుకుతాయి. ఊరు తలా ఒక దిక్కు పోతే వాళ్లు ఎవరి వెంట పోవాలి? వీళ్లనూ నిర్వాసితులుగా లెక్కించాలన్న మాట 2013 చట్టంలో గానీ రాలేదు.

ముంపులో పోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. చాలా మంచి పని. ఆ శ్రద్ధలో సగం ఊళ్ల మీద పెట్టి ఉంటే?

ఇక అసలు సంగతి, 98 జీవో, అంటే 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు. 1986లో వచ్చింది. భూములు, ఇళ్లు పోయిన కుటుంబానికి ఒక ప్రభుత్వ ఉద్యోగం ఇస్తామన్నారు. అయ్యా, అమ్మా, ఇది మేము చెయ్యి చాచి అడిగిన దానం కాదు, సర్కారు కాగితం మీద రాసిచ్చిన హామీ. మా అన్న ఏటా జిరాక్సులు తీయించుకుని ఆఫీసుకు పోయేవాడు. సీనియారిటీ లిస్టు అనేవాళ్లు, ఖాళీల్లేవనేవాళ్లు, మళ్లీ లిస్టు అనేవాళ్లు. ఆయన వయసు దాటిపోయింది, తర్వాత ఆయనా పోయాడు. ఆ ఫైలు ఇప్పటికీ మా వదిన ట్రంకు పెట్టెలో ఉంది. కుటుంబానికి ఒక ఉద్యోగం అన్నారు, ఒక్కటి!

టైమైందని అధ్యక్షుల వారు చీటీ పంపారు. ఒక్క నిమిషం ఇవ్వండి.

ఇవాళ పోలవరం ముంపులో కోయలు, కొండరెడ్లు కదులుతున్నారు. ఇక్కడున్న లాయర్లను, ఉపాధ్యాయులను అడుగుతున్నాను. వాళ్ల దగ్గరికి వెళ్లండి. సర్వే కాగితాలు చదివి వినిపించండి, పేరు తప్పిపోయిన ఇంటికి అర్జీ రాసిపెట్టండి. కట్ట నిండాక రాసే అర్జీని ఎవరూ చదవరు.

98 జీవో కుటుంబాలవాళ్లు ఈ హాల్లో ఉంటే సభ అయ్యాక పుస్తకాల బల్ల దగ్గరికి రండి. ఊరి పేరు, దరఖాస్తు పెట్టిన సంవత్సరం రాసుకుంటాను. కాగితాలు లేకపోయినా సరే, రండి.