విశాఖలో ఫ్రీలాన్స్ మేకప్ ఆర్టిస్ట్: చేతికి ఏం మిగులుతుంది?

[దృశ్యం: రాత్రి 12:15. కల్యాణ మండపం మేడమీద గది. టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి, బ్రష్‌లు వరసగా పేరుస్తున్న చేతులు.]

వాయిస్: ముహూర్తం తెల్లవారుజామున 4:40కి. గౌరీపూజకి పెళ్లికూతురు 3:30 కల్లా పీట మీద కూర్చోవాలి. మేకప్‌కి 75 నిమిషాలు, పూలజడకి 45, చీరకి 30, నగలకి 20. మొత్తం 170 నిమిషాలు. అంటే 12:40కి మొదటి బ్రష్ ముఖాన్ని తాకాలి. ఇంత రాత్రివేళ చేసే పనిలో వచ్చేదెంత, మిగిలేదెంత? ముందు డబ్బు సంగతే చూద్దాం.

[దృశ్యం: తెల్లకాగితం మీద పెన్నుతో లెక్క.]

వాయిస్: ఉదాహరణకి ముహూర్తం మేకప్‌కి 12,000 మాట్లాడుకున్నారనుకోండి. అసిస్టెంట్‌కి 2,000. గాజువాక నుంచి భీమిలికి రాత్రిపూట క్యాబ్, రానుపోను 1,500. ఈ పెళ్లికని కొన్న సరుకు 1,200. లాషెస్ (అతికించే కనురెప్పల వెంట్రుకలు), పిన్నులు, టిష్యూలు 500. కిట్‌లో అయిపోయినవి కొనడానికి పక్కన పెట్టేది మరో 1,200. పోగా మీకు 5,600. ఈ ఆఖరి 1,200 తీయనివాళ్లకి సీజన్ చివర్లో చేతిలో డబ్బు ఉన్నట్టే ఉంటుంది, కిట్ మాత్రం ఖాళీ.

అసలు లాభం పెళ్లికూతురి పక్కన ఉంటుంది. అదే గదిలో వాళ్లమ్మకీ, ఆడపడుచుకీ తలా 2,500కి చేస్తే క్యాబ్ ఖర్చు మళ్లీ లేదు, అసిస్టెంట్ ఎలాగూ ఉంది. సరుకు పోను ఆ 5,000లో ఎక్కువ భాగం మీదే. అందుకే బుకింగ్ రోజే "ఇంట్లో ఇంకెవరికైనా కావాలా అమ్మా?" అని అడగండి. సగం అడ్వాన్స్ అప్పుడే తీసుకోండి. మిగతాది ఎప్పుడిస్తారో, రిసెప్షన్‌కి మళ్లీ రావాలంటే ఎంతో, వాట్సాప్‌లో రాసి పంపండి. ముహూర్తం హడావుడిలో బేరం పెట్టుకోకూడదు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కాబట్టి లెక్కల పుస్తకం మొదటి పెళ్లి నుంచే మొదలుపెట్టండి.

[దృశ్యం: పెళ్లికూతురి చెంప, దగ్గరగా. పసుపు ఛాయ. పక్కనే మెడ.]

వాయిస్: ఇక పనితనం. ఈ చెంప చూడండి. నలుగు పెట్టి మంగళస్నానం చేయించారు. చర్మం మీద పసుపు ఇంకా ఉంది. దాన్ని చూసి ఫౌండేషన్ షేడ్ ఎంచితే ముఖం ఒక రంగు, చేతులు ఒక రంగు అవుతాయి. పసుపు రంగు నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. నాలుగు చుక్కల కొబ్బరినూనె దూదికి అద్ది తుడవండి, తర్వాత ఫేస్‌వాష్‌తో కడగండి. నూనె జిడ్డు మిగిలితే ఫౌండేషన్ జారిపోతుంది. అసలు షేడ్ అయితే పది రోజుల ముందు ట్రయల్‌లో, పగటి వెలుతురులో దవడ దగ్గర చూసి రాసిపెట్టుకున్నదే వాడాలి.

విశాఖ గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ మందంగా వేసిన మేకప్ హోమం దగ్గర కూర్చునేలోపే చీలుతుంది. శనగగింజంత ఫౌండేషన్ తీసుకుని తడి స్పాంజ్‌తో అద్దండి, ఐదు నిమిషాలు ఆగండి, అవసరమైన చోటే రెండో పొర. ఫౌండేషన్ కింద వేసే పూత ప్రైమర్. నీటితో చేసిన ప్రైమర్ మీద సిలికాన్‌తో చేసిన ఫౌండేషన్ వేస్తే ముద్దలు ముద్దలుగా లేచే అవకాశం ఎక్కువ. రెండూ ఒకే రకం చూసుకోండి. తెల్లని సిలికా పౌడర్ ఎక్కువైతే ఫ్లాష్ ఫొటోలో ముఖం పిండి రాసినట్టు వస్తుంది. పూసిన వెంటనే ఫోన్ ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసి చూడండి.

జీలకర్ర-బెల్లం పెట్టేది నడినెత్తిన. అక్కడ జుట్టు ఎత్తుగా పఫ్ కట్టారంటే ముహూర్తానికే పాడవుతుంది. బాసికం దారం నుదుటి మీద రాసుకుంటుంది కాబట్టి అక్కడ పొర పలుచగా ఉండాలి. తలంబ్రాల పసుపు చెంపలకి అంటితే తడి టిష్యూ వాడొద్దు, మరక పరుచుకుంటుంది. పొడి బ్రష్‌తో దులపండి. చెమట పడితే ముందు టిష్యూతో అద్ది, ఆ తర్వాతే పౌడర్.

ఇవన్నీ ఒక్కో పెళ్లికీ ఒక్కొక్కటిగా చేతికి పడతాయి. ఈ వృత్తి ఇచ్చేవాటిలో మేం ఈ నేర్పునే అన్నిటికన్నా పెద్దదిగా చూస్తాం. పార్లర్‌లో ఒకే కుర్చీ, ఒకే లైటు. ఇక్కడ రోజుకో చర్మం, రోజుకో వెలుతురు.

[దృశ్యం: బ్రష్‌లు కడగడం. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ స్ప్రే.]

వాయిస్: మంచి పేరు రావడానికి నెలలు పడుతుంది, పోవడానికి ఒక్క కంటి ఇన్‌ఫెక్షన్ చాలు. మస్కారా బ్రష్ ఒకరికి ఒకటి, వాడి పారేసేది. లిప్‌స్టిక్ పెదాలకి నేరుగా వద్దు, స్టీల్ ప్లేటు మీదకి తీసి బ్రష్‌తో వేయండి. డబ్బా మీద మూత తెరిచిన బొమ్మలో 6ఎం అని ఉంటే తెరిచాక ఆరు నెలలే. తెరిచిన తేదీ స్టిక్కర్ మీద రాయండి. లాష్ జిగురుకి 24 గంటల ముందు ప్యాచ్ టెస్ట్ చేయండి, అంటే చర్మం మీద కొంచెం రాసి పడుతుందో లేదో చూడండి.

[దృశ్యం: రుషికొండ తీరం, సాయంత్రం. ప్రీ-వెడ్డింగ్ షూట్.]

వాయిస్: ఆషాఢం, ధనుర్మాసం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లుండవు. ఆ నెలల్లో రుషికొండ, భీమిలి తీరాల్లో షూట్‌లు, ఓణీల ఫంక్షన్లు, కూచిపూడి ప్రదర్శనలు, కాలేజీ ఫేర్‌వెల్‌లు. బీచ్ షూట్‌కి సాయంత్రం 4 తర్వాతి వెలుతురు మంచిది. ఉప్పుగాలికి లిప్ గ్లాస్ వద్దు, జుట్టు అతుక్కుంటుంది.

సినిమా వైపు వెళ్లాలనుకునే అమ్మాయిలకి ఒక మాట. ముంబయి సినీ రంగంలో పనిచేయాలంటే అక్కడి సంఘం సభ్యత్వ కార్డు కావాలి. ఆడవాళ్లకి హెయిర్ డ్రెసర్ కార్డే ఇచ్చేవారు, మేకప్ కార్డు ఇచ్చేవారు కాదు. మేకప్ ఆర్టిస్ట్ చారు ఖురానా వేసిన కేసులో 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ తలుపు మీకోసం తెరిచే ఉంది.

[దృశ్యం: తెల్లవారి 7 గంటలు. కిట్ బ్యాగ్ జిప్. వాకిట్లో పెళ్లికూతురి పిన్ని.]

పిన్ని: ఏమ్మా, మాఘంలో మా పెద్దదానిది. తారీకు చెప్తాను, ఖాళీ ఉంచుకో.

వాయిస్: డైరీలో పెన్సిల్‌తో రాసుకోండి, అడ్వాన్స్ వచ్చాక పెన్ను. బయల్దేరే ముందు పెళ్లికూతురి ఫొటో పెట్టుకోవచ్చా అని ఆ అమ్మాయినే అడగండి. సరే అంటే, ఎడిట్ చేయని రెండు ఫొటోలు పంపమని ఫొటోగ్రాఫర్‌కి చెప్పండి.