డాంగ్‌డుత్: వెక్కిరింత పేరే పాటకు ఇంటిపేరైంది

[తెర మీద: జావాలో పెళ్లి పందిరి. స్టేజి మూల తబలాలాంటి జంట వాద్యం. కెమెరా వాయించేవాడి చేతుల మీద.]

పాట తర్వాత విందాం, ముందు ఈ చేతులు చూడండి. చిన్నదాని మీద వేళ్లతో కొట్టాడు: డాంగ్. పెద్దదాన్ని కొట్టి, అరచేతి మొదలుతో చర్మాన్ని నొక్కి జరిపాడు: డుత్. ఇండోనేషియా ఊరూరా మోగే డాంగ్‌డుత్‌కి పేరు ఇక్కడిదే.

ఈ చప్పుడు ఎక్కడో విన్నట్టుందా? 1950లలో అక్కడి హాళ్లలో హిందీ సినిమాలు బాగా ఆడాయి. మలయ్ పాటల ఆర్కెస్ట్రాలు ఆ బాణీలు ఎత్తుకుని సొంత మాటలు రాసుకున్నాయి. వెంట తబలా దరువూ వచ్చింది. గాయని ఎల్లియా ఖాదమ్‌కి పేరు తెచ్చిన పాట 'ఇండియా బొమ్మ' గురించే!

[పాత ఫొటో: గిటార్‌తో రోమా ఇరామా]

డాంగ్‌డుత్ అన్నది ముద్దుపేరు కాదు. 1970ల మొదట్లో పట్నంవాళ్లు వెక్కిరించిన మాట. 'కంపుంగాన్' అనీ అనేవాళ్లు, అంటే పల్లెటూరి సరుకని. గాయకుడు రోమా ఇరామా ఆ వెక్కిరింతనే పాటలో పెట్టి పాడేశాడు. రాక్ గిటార్ తగిలించాడు, ఇస్లాం నీతులు కలిపాడు. పని లేకుండా రాత్రుళ్లు మేలుకోవద్దని పాడితే అదీ సూపర్ హిట్! 1977 ఎన్నికల్లో అప్పటి అధ్యక్షుడు సుహార్తోకి ఎదురు నిలిచిన ముస్లిం పార్టీకి ప్రచారం చేశాడు. ప్రభుత్వ టీవీ ఆయన్ని ఏళ్ల తరబడి చూపించలేదు. అప్పుడు ఉన్నదే ఆ ఒక్క చానెల్.

[బజార్లో వీసీడీల కుప్ప]

2003లో ఇనుల్ దరతిస్తా అనే గాయని వచ్చింది. ఆమెను ఇంటింటికీ చేర్చింది దొంగ వీసీడీలు. డ్రిల్లింగ్ మెషిన్‌లా నడుం తిప్పే ఆమె స్టెప్పు మీద దేశమంతా రచ్చ. గట్టిగా తప్పుపట్టినవాళ్లలో రోమా కూడా ఉన్నాడు. నాకైతే ఇక్కడే నవ్వొస్తుంది. నిన్న మాటలు పడ్డవాడే ఇవాళ పెద్దమనిషై తీర్పు చెబుతున్నాడు.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో అధికారిక పాట పాడింది వియా వాలెన్. ఆమె 'కొప్లో' గాయని. కొప్లో అంటే దరువు జోరు పెంచిన డాంగ్‌డుత్.

[మళ్లీ పెళ్లి పందిరి]

అదిగో, ఒక పెద్దాయన స్టేజి ఎక్కాడు. గాయనితో అడుగులేస్తూ నోట్లు ఒక్కొక్కటే ఇస్తున్నాడు. దీన్ని 'సావేర్' అంటారు. కట్ట మొత్తం ఒకేసారి ఇచ్చేయొచ్చుగా? ఇచ్చేస్తే కిందికి దిగిపోవాలి కదండీ!