రెండు లైట్లూ వెలిగినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఆన్ గార్డ్. ప్రే. అలే.

ఫెన్సింగ్ పోటీల్లో రిఫరీ నోట వినపడే ఫ్రెంచి మాటలివి. నిలబడండి, సిద్ధమేనా, ఇక కానివ్వండి అంటున్నాడన్నమాట. ఆ మూడో మాట పూర్తయిన రెండు మూడు సెకన్లకే పాయింటు తేలిపోతుంది. ఒక్కోసారి అంతసేపు కూడా పట్టదు. మీరు కళ్ళజోడు సర్దుకునేలోపు ఎవరో ఒకరు మాస్కు తీసి గట్టిగా అరుస్తుంటారు. ఏం జరిగిందో మీకు తెలియదు. మొదట్లో నాకూ తెలియలేదు. ఈ ఆటలో మన దేశం నుంచి మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్ళిన అమ్మాయి భవానీ దేవి గురించి ఈరోజు చెబుతాను. ముందు ఆట సంగతి.

ఈ ఆటలో మూడు రకాల కత్తులున్నాయి: ఫాయిల్, ఎపే, సేబర్. నాకిచ్చిన టైమ్ తక్కువ కాబట్టి మొదటి రెండింటినీ పక్కన పెట్టేస్తాను. సేబర్ ఆశ్వికుల కత్తి వంశంలోది. మొనతో పొడవచ్చు, అంచుతో వేటు వేయవచ్చు. తల, చేతులు సహా నడుముకు పైన తగిలితేనే లెక్క. ఇద్దరూ లోహపు దారాలు నేసిన జాకెట్టు వేసుకుంటారు. కత్తి దానికి తగలగానే కరెంటు పారి లైటు వెలుగుతుంది. ఒకరిది ఎరుపు, ఒకరిది ఆకుపచ్చ.

అసలు తమాషా ఇక్కడే ఉంది. సేబర్‌లో చాలాసార్లు రెండు లైట్లూ వెలుగుతాయి. ఒకరి కత్తి తగిలాక 170 మిల్లీసెకన్లలోపు రెండోవారి కత్తి కూడా తగిలితే యంత్రం రెండింటినీ చూపిస్తుంది. మరి పాయింటు ఎవరికి? ముందు దాడి మొదలుపెట్టినవారికి. మన పంచాయితీల్లో ఒకరు మాట అందుకుంటే, రెండోవారు ఆ మాటకు అడ్డుపడి ఆపాకే తమ మాట ఎత్తాలి కదా, ఇదీ అంతే. ఎదుటివారి దాడిని కత్తితో అడ్డుకుంటేనో, వారి దాడి గురి తప్పితేనో వంతు మీకు వస్తుంది. ఇద్దరూ ఒక్కసారే దూకితే ఎవరికీ పాయింటు ఉండదు, మళ్ళీ ఆన్ గార్డ్. ముందు మొదలుపెట్టినవారిదే వంతు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు అమ్మాయి దగ్గరకు వద్దాం. చదలవాడ ఆనంద సుందరరామన్ భవానీ దేవి. ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారతీయ ఫెన్సర్. ఇంటిపేరు వినగానే మీకు అర్థమై ఉంటుంది. నాన్నగారిది సామర్లకోట. పూజారిగా చెన్నై వెళ్ళి స్థిరపడ్డారు. భవాని అక్కడే 1993 ఆగస్టు 27న పుట్టింది. అయిదుగురు పిల్లల్లో ఆఖరిది.

2004లో, ఆరో తరగతిలో, బడిలో ఏదో ఒక ఆట ఎంచుకోమన్నారు. తన వంతు వచ్చేసరికి మిగతా ఆటలన్నీ నిండిపోయి ఫెన్సింగ్ ఒక్కటే మిగిలిందట. ఖర్చుతో కూడిన ఆట, మీ నాన్నగారి ఆదాయం ఎంత అని అడిగితే, ఎక్కడ వద్దంటారోనని ఉన్నదానికంటే ఎక్కువ చెప్పానని తర్వాత ఇంటర్వ్యూల్లో తనే నవ్వుతూ చెప్పింది. సాధనంతా వెదురు కర్రలతో. అసలు కత్తి విరిగితే ఇంకొకటి కొనడం కష్టం, అందుకని దాన్ని పోటీలకే బయటికి తీసేవారు. వెదురు కర్రకు కరెంటూ లేదు, లైటూ లేదు. తగిలిందో లేదో ఇద్దరు పిల్లలూ తేల్చుకోవాల్సిందే. ఆ వాదనలు ఎలా ఉండేవో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

సరిగ్గా ఆ 2004లోనే ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మహిళల సేబర్ మొదటిసారి పెట్టారు. మగవాళ్ళ సేబర్ 1896 నుంచీ ఉంది. ఆడవాళ్ళకు ఫాయిల్ 1924లో, ఎపే 1996లో వచ్చాయి, సేబర్‌కు ఇంకో ఎనిమిదేళ్ళు పట్టింది. ఆ తొలి స్వర్ణం అమెరికా అమ్మాయి మారియెల్ జాగునిస్‌ది. ఆమె అసలు అర్హత సాధించలేదు. నైజీరియా తన స్థానం వదులుకుంటే ఆ ఖాళీలో వచ్చి పతకం పట్టుకుపోయింది. మన అమ్మాయి వెదురు కర్ర పట్టిన ఏడాది ఇదంతా జరిగింది.

పద్నాలుగేళ్ళకు భవాని మొదటి అంతర్జాతీయ పోటీ, టర్కీలో. పిస్ట్ దగ్గరికి, అంటే బౌట్ ఆడే పొడవాటి పట్టీ దగ్గరికి, మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నల్ల కార్డు చూపించారు. ఫెన్సింగ్‌లో నల్ల కార్డంటే ఇక ఆ పోటీ నుంచి బయటికే. అంత దూరం వెళ్ళి, ఒక్క వేటు వేయకుండా వెనక్కి. మూడు నిమిషాలకు ఇంత శిక్షా అని మనకు అనిపిస్తుంది. వంతు విషయంలో ఆ ఆట అంత పట్టింపుగా ఉంటుంది మరి.

తర్వాతి పదేళ్ళు గబగబా చెప్పేస్తాను. పదో తరగతి అయ్యాక కేరళలోని తలశ్శేరిలో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో శిక్షణ, కోచ్ సాగర్ లాగు. ప్రయాణ ఖర్చుల కోసం అమ్మ రమణిగారు నగలు తాకట్టు పెట్టిన రోజులూ ఉన్నాయి. రియో ఒలింపిక్స్ చేజారింది. తర్వాత ఇటలీలోని లివోర్నోలో కోచ్ నికోలా జనోట్టి దగ్గర సాధన. 2017లో ఐస్‌లాండ్‌లోని రెక్యావిక్‌లో శాటిలైట్ ప్రపంచకప్ స్వర్ణం, 2018లో కాన్‌బెర్రాలో కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్ స్వర్ణం. 2019లో నాన్నగారు పోయారు. 2021 మార్చిలో టోక్యోకు అర్హత.

నేను పూర్తిగా చెప్పాలనుకున్నది ఆ టోక్యో రోజు గురించే. 2021 జూలై 26. మకుహారి మెస్సే అనే హాలు. కరోనా వల్ల ప్రేక్షకులు లేరు. ఇటూ అటూ ఖాళీ కుర్చీలు, మధ్యలో 14 మీటర్ల పిస్ట్. ఆ మధ్య గీతకు చెరో రెండు మీటర్ల దూరంలో ఇద్దరమ్మాయిలు. ట్యునీషియా నుంచి నాడియా బెన్ అజీజీ. ఇటు మన భవాని.

అలే.

నాకైతే ఎక్కువ టెన్షన్ ఆ మొదటి పాయింటుకే. ఒలింపిక్స్‌లో అంతకు ముందు మన దేశం నుంచి ఎవరూ ఆ ఆట ఆడలేదు. కాళ్ళు వణికినా ఎవరూ తప్పుపట్టరు. కానీ భవాని కాళ్ళు ఆగలేదు. దూకుడుగా ముందుకే. ఒకటి, రెండు, మూడు... సేబర్‌లో ఒకరు ఎనిమిదికి చేరగానే ఒక నిమిషం విరామమిస్తారు. విరామం వచ్చేసరికి స్కోరు 8-0. ఎనిమిదికి సున్నా! ఆ తర్వాత నాడియా మూడు పాయింట్లు తెచ్చుకుంది, అంతే. 15-3. మొత్తం 6 నిమిషాల 14 సెకన్లు. ఒలింపిక్స్‌లో ఫెన్సింగ్ బౌట్ గెలిచిన మొదటి భారతీయురాలు మన భవాని.

రెండో రౌండ్‌లో ఎదురుపడింది ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రూనే. ప్రపంచ మూడో ర్యాంకు. రియోలో సెమీస్ దాకా వెళ్ళి నాలుగో స్థానంలో ఆగిన మనిషి, ఆ కసి ఇంకా తీరలేదు. ఇక్కడ వంతు మారింది. అలే అనగానే ముందు కదులుతున్నది బ్రూనే. మనమ్మాయి అడ్డుకోబోయేలోపే లైటు వెలుగుతోంది. విరామానికి 8-2, బ్రూనేవైపు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. బౌట్ 15-7తో ముగిసింది. పేపర్లు ఏడు పాయింట్లే తెచ్చుకుని ఓడిందని రాసి ఊరుకున్నాయి. విరామం ముందు రెండే తెచ్చుకున్న పిల్ల, విరామం తర్వాత ఎన్ని తెచ్చుకుంది? అయిదు. బ్రూనే ఏడు. అంటే రెండో సగం 7-5. ఎదురుగా ఉన్నది అదే రోజు కాంస్యం గెలవబోతున్న ఫెన్సర్. ఆ ఒక్క నిమిషం విరామంలో ఏదో సరిచేసుకుంది. నా దృష్టిలో ఆ మొదటి గెలుపుకంటే ఈ అయిదు పాయింట్లే గొప్పవి. అవును, అయిదు పాయింట్లు.

ఆ సాయంత్రం భవాని ట్విట్టర్‌లో దేశానికి క్షమాపణ చెప్పింది. చేయగలిగిందంతా చేశాను, గెలవలేకపోయాను, సారీ అని. నాకది నచ్చలేదు. అమ్మాయి మీద కాదు నా అసంతృప్తి. అలా చెప్పాలని తనకు అనిపించేలా చేసిన మన అలవాటు మీద. నాలుగేళ్ళకోసారి టీవీ ముందు కూర్చుంటాం, పతకం వస్తే నెత్తిన పెట్టుకుంటాం, రాకపోతే పెదవి విరుస్తాం. మధ్యలో ఆ ఆట ఎలా ఆడతారో కూడా తెలుసుకోం. సరే, ప్రధానమంత్రితో సహా చాలామంది సారీ ఎందుకమ్మా అని ఓదార్చారు. అదే ఏడాది అర్జున అవార్డూ వచ్చింది.

ఇక్కడితో ఆపితే ఆమెకు అన్యాయం చేసినట్టే. 2022లో లండన్‌లో మళ్ళీ కామన్వెల్త్ ఛాంపియన్‌షిప్ స్వర్ణం. 2023 జూన్‌లో చైనాలోని ఊషీ నగరంలో ఆసియా ఛాంపియన్‌షిప్. క్వార్టర్ ఫైనల్‌లో జపాన్‌కు చెందిన మిసాకి ఎమురా. అప్పటికి ప్రపంచ ఛాంపియన్, నంబర్ వన్. ఆమెను 15-10తో ఓడించింది. సెమీఫైనల్‌లో ఉజ్బెకిస్తాన్‌కు చెందిన జైనబ్ దయిబెకోవా చేతిలో 14-15. ఒక్క పాయింటు! అయినా కాంస్యం ఖాయం, ఆసియా ఛాంపియన్‌షిప్ ఫెన్సింగ్‌లో మన దేశానికి మొదటి పతకం. ఆ ఏడాదే హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో క్వార్టర్ ఫైనల్ దగ్గర చైనా అమ్మాయి షావో యాచీ ఆపేసింది. పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత దొరకలేదు. ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించిన మనిషికి మరుసటి ఏడాది ఒలింపిక్స్‌లో చోటు లేకపోయింది.

నా టైమ్ అయిపోవస్తోంది, అందుకే పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. ఈసారి సేబర్ పోటీ చూస్తే లైట్లు చూడకండి. కత్తులూ చూడకండి, అవి కంటికి అందవు. కాళ్ళు చూడండి. అలే అనగానే ఎవరి ముందు పాదం నిలకడగా ముందుకు వస్తోంది, ఎవరు ఆగారు, ఎవరు వెనక్కి తగ్గారు, అంతవరకే చూడండి. కాళ్ళు అడ్డంగా దాటించి పరిగెత్తుతూ మీద పడటం సేబర్‌లో నిషేధం, కాబట్టి ఆ అడుగులు గమనించడం అనుకున్నంత కష్టం కాదు. రెండు లైట్లూ వెలగగానే, రిఫరీ చెయ్యి ఎత్తేలోపు, పాయింటు ఎవరిదో మీరే తీర్పు చెప్పేయండి. తర్వాత స్లో మోషన్‌లో సరిచూసుకోండి. మొదట్లో ఎక్కువే తప్పుతాయి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళనీ పందేనికి కూర్చోబెట్టండి, వాళ్ళకు మనకంటే త్వరగా పట్టుబడుతుంది.

సెలవు. నమస్కారం.