పసిబిడ్డ డోసు డబ్బా మీద లేదు

అందరికీ నమస్కారం.

పిల్లల వార్డులో జరిగే ఒక పనితో మొదలుపెడతాను. గుండె బలహీనంగా ఉన్న మూడు కిలోల పసిబిడ్డకు కాప్టోప్రిల్ (బీపీ తగ్గించి గుండె మీద భారం తగ్గించే మందు) ఇవ్వాలి. చేతిలో ఉన్నది పెద్దవాళ్లు వేసుకునే 25 మి.గ్రా. మాత్ర. బిడ్డకు కావలసింది 0.3 మి.గ్రా. అంటే ఆ మాత్రలో ఎనభయ్యో వంతు కన్నా తక్కువ. బ్లేడుతో కోస్తే అంత చిన్న ముక్క రాదు. అందుకని సిస్టర్ మాత్రను మెత్తగా నూరి, 25 మి.లీ. నీళ్లలో కలిపి, అందులోంచి 0.3 మి.లీ. సిరంజిలోకి తీస్తుంది. లెక్కలో పాయింట్ ఒక్క స్థానం జరిగితే అది 3 మి.లీ. అవుతుంది. పది రెట్లు! బిడ్డ బీపీ దారుణంగా పడిపోవచ్చు. పైగా నీళ్లలో కలిపాక ఈ మందు బలం తగ్గుతూ పోతుంది. ఆ ఒక్క డోసు వెనక ఎంత టెన్షన్ ఉంటుందో పక్కన నిలబడి చూస్తే తెలుస్తుంది.

మందుకు అనుమతి ఉండి, ఆ వయసుకో, ఆ జబ్బుకో, ఆ డోసుకో లేకపోతే దాన్ని ఆఫ్-లేబుల్ వాడకం అంటాం. మాత్రను ఇలా ద్రవంగా మార్చి ఇస్తే ఆ రూపానికి లైసెన్సే ఉండదు. అది అన్‌లైసెన్స్‌డ్ వాడకం. దయచేసి దీన్ని దొంగ వైద్యం అనుకోకండి. 2000లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో, ఐదు యూరప్ ఆసుపత్రుల వార్డుల్లో చేరిన 624 మంది పిల్లల్లో 67 శాతం మందికి ఈ రెండింటిలో ఏదో ఒక రకంగా మందులు అందాయి. చాలాసార్లు మాకు వేరే దారి ఉండదు.

పెద్దవాళ్ల డోసును బరువు లెక్కన తగ్గిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. 1950ల్లో ఇన్‌ఫెక్షన్ రాకుండా నెలలు నిండని పిల్లలకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. పొట్ట ఉబ్బి, ఒళ్లు బూడిదరంగుకు తిరిగి కొందరు చనిపోయారు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పసి కాలేయానికి ఇంకా రాలేదని 1959 తర్వాత గానీ అర్థం కాలేదు. 1980ల మొదట్లో మరో ఘోరం. సెలైన్ గొట్టాలు శుభ్రం చేసే ద్రవంలో, చెడిపోకుండా కలిపిన బెంజైల్ ఆల్కహాల్ వల్ల పసికందులు ఊపిరి అందక పోయారు. అది వైద్యం కోసం ఇచ్చిన మందు కూడా కాదు. ఇది చదివిన ప్రతిసారీ నా మనసు వికలమవుతుంది.

యూరప్‌లో 2007 నుంచి కొత్త మందులను పిల్లల్లోనూ పరీక్షించాలనే నిబంధన ఉంది. మంచిదే. కానీ మేం రోజూ వాడేవి ఎక్కువగా పాత మందులు. వాటి మీద ఖర్చు పెట్టడానికి కంపెనీలకు పెద్దగా ఆసక్తి ఉండదు.

అందుకే నేను అడిగేది రెండే. ఆఫ్-లేబుల్ మందు ఇస్తున్నప్పుడు ఎందుకు ఇస్తున్నామో తల్లిదండ్రులకు కూర్చోబెట్టి చెప్పాలి. ఇచ్చాక ఏం జరిగిందో, మంచైనా చెడైనా, రాసిపెట్టాలి. రాయకపోతే ఈ బిడ్డకు జరిగింది రేపటి బిడ్డకు ఉపయోగపడదు.

కెఫీన్ సంగతే చూడండి. నెలలు నిండని పిల్లల్లో ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోతుంటే దాన్ని ఏళ్ల తరబడి వాడారు. మేలెంతో, కీడెంతో ఎవరికీ సరిగ్గా తెలియదు. చివరికి 2006 మంది పిల్లలతో ఒక పెద్ద పరీక్ష జరిపారు. కొందరికి కెఫీన్, మిగతావాళ్లకు మందు లేని ద్రవం ఇచ్చారు. కెఫీన్ అందిన పిల్లల్లో ఊపిరితిత్తుల జబ్బు తగ్గింది, ఏడాదిన్నర వయసుకు చూస్తే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూ చేతుల కదలిక సరిగా రాని స్థితి) కూడా తగ్గింది. ఇంక్యుబేటర్ పక్కన నిలబడి, ఏ సీసాలో మందుందో, ఏ సీసాలో లేదో తెలియకుండానే ఆ తల్లిదండ్రులు సరేనన్నారు. ఇవాళ మేం భయం లేకుండా కెఫీన్ రాస్తున్నామంటే వాళ్ల వల్లే.