నియమగిరి: ధర కట్టలేని విలువకు చట్టంలో చోటు

సభకు నమస్కారం.

పర్యావరణ స్పృహ కడుపు నిండినవారికే పుడుతుందన్న వాదన మన దేశంలో ఎప్పుడో వీగిపోయింది. 1974 మార్చిలో హిమాలయాల్లోని రేణీ గ్రామ స్త్రీలు గౌరాదేవి వెంట అడవికి వెళ్లి, గొడ్డళ్లకు అడ్డునిలిచి చెట్లను కాపాడుకున్నారు. వారిలో సంపన్నులెవరూ లేరు. ఆ ధోరణి ఎంత దూరం వచ్చిందో తెలుసుకోవాలంటే నియమగిరిని చూడాలి.

ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో విస్తరించిన ఆ కొండలు మనకు పరాయివి కావు. వంశధార, నాగావళి నదులకు నీరందించే వాగులు అక్కడ పుడతాయి; ఆ నీరే శ్రీకాకుళం పొలాల దాకా వస్తుంది. కొండల నెత్తిన ఉన్న బాక్సైట్ (అల్యూమినియం ముడి ఖనిజం) పొర వాననీటిని ఇముడ్చుకొని, వానలు వెలిసిన తరువాత కూడా ఊటలుగా వదులుతుంది. ఆ ఖనిజాన్ని తవ్వుకోవచ్చన్న నమ్మకంతోనే కొండల దిగువన లాంజిగఢ్‌లో వేదాంత అనే గనుల సంస్థ అల్యూమినా శుద్ధి కర్మాగారాన్ని నిర్మించింది.

గనుల లెక్కలో అడవికి పరిహారం ఉంటుంది, నరికిన చెట్టుకు బదులు మరోచోట మొక్క ఉంటుంది. ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కోందు గిరిజనుల దృష్టిలో ఆ కొండ వారి దేవుడు నియమరాజు నివాసం. దానికి బదులు మరో కొండ ఉండదు. అయితే వారు కొండను దూరం నుంచి పూజించేవారు కారు. ఆ వాలుల్లోనే చిరుధాన్యాలు, పసుపు, అనాస పండించుకొని బతుకుతారు. మానవ కేంద్రక దృష్టి, ప్రకృతి కేంద్రక దృష్టి అంటూ పాఠ్యపుస్తకాలు చేసే విభజనలో వీరిని ఎటువైపు చేర్చగలం? భుక్తి, భక్తి అక్కడ విడివిడిగా లేవు. ఆ విభజనే లోపభూయిష్టమని నేను భావిస్తాను.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆ ప్రజల మత, సాంస్కృతిక హక్కులకు గనుల వల్ల భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే పరిశీలించాలని ఆదేశించింది. కొండపై దేవుడున్నాడా అన్న విచారణకు న్యాయస్థానం దిగలేదు. ఆ సంయమనం నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది. జులై, ఆగస్టు నెలల్లో జిల్లా న్యాయమూర్తి స్థాయి పరిశీలకుల సమక్షంలో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ గనిని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ నియమగిరి తీర్పుకు దాదాపు 16 ఏళ్ల ముందే, 1997 జులై 11న, విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంతపు గనులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, గిరిజనుల రక్షణకు రాజ్యాంగం ప్రకారం గుర్తించిన షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అది భూమిపై హక్కును కాపాడింది. నియమగిరి తీర్పు మరో అడుగు వేసి, ఆ భూమి తమకు ఏమిటో చెప్పే అధికారాన్ని అక్కడి ప్రజలకే ఇచ్చింది.

ఆ విజయంలోనూ ఒక లోటుంది. కొండల్లో వందకు పైగా గ్రామాలుండగా రాష్ట్ర ప్రభుత్వం ఎంపిక చేసినవి పన్నెండే. పైగా కర్మాగారం ముందు వచ్చింది, గ్రామస్థుల మాట చివర అడిగారు. మన ఏజెన్సీలో రేపు వచ్చే ఏ గని ప్రతిపాదనకైనా, సర్వే మొదలు కాకముందే, ప్రభావితమయ్యే ప్రతి గ్రామసభ తీర్మానాన్నీ తీసుకోవాలని మనం అడగాలి.