రచయిత తెలియదు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా పశ్చిమ ప్రాంతంలో ఒక పద్యం పోస్టుకార్డుల మీద అచ్చయి ఏళ్ల తరబడి చేతులు మారింది. పశువుల వెంట తిరిగే ఒక కౌబాయ్ దేవుడికి చెప్పుకున్న మాటలవి. దాని కింద, పేరు ఉండాల్సిన చోట, "రచయిత తెలియదు" అని వేసేవారు. ఆ రచయిత అప్పటికి బతికే ఉన్నాడు. సౌత్ డకోటా కొండల్లో, పైన్ చెట్ల మధ్య, సొంతంగా కట్టుకున్న ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. ఆయన పేరు బ్యాడ్జర్ క్లార్క్. ఈ పూట ఆయన గురించి చెప్పాలని మీ ముందుకు వచ్చాను.

కౌబాయ్ అనగానే మనకు సినిమా గుర్తొస్తుంది. 1971లో కృష్ణ గారు ఆ టోపీ పెట్టుకుని, నడుముకు తుపాకీ కట్టుకుని తెర మీదికి వచ్చిన దగ్గర్నుంచి తెలుగువాళ్లకు కౌబాయ్ అంటే గుర్రం, తుపాకీ, దుమ్ము. అసలు కౌబాయ్ చేసే పని మాత్రం పశువుల కాపలా. 1865లో అక్కడి అంతర్యుద్ధం ముగిసేసరికి టెక్సాస్‌లో పశువులు లక్షల కొద్దీ ఉన్నాయి, కొనేవాళ్లు లేరు. ఉత్తరాన రైలు వచ్చిన ఊళ్లలో అవే పశువులకు మంచి ధర పలికేది. అందుకని రెండు మూడు వేల పశువుల మందను పది పన్నెండు మంది కలిసి నెలల తరబడి తోలుకుంటూ కాన్సస్ దాకా వెళ్లేవారు. ఆ పనిలో నల్లజాతి వాళ్లు చాలామంది ఉన్నారు, మెక్సికో నుంచి వచ్చిన వాళ్లూ ఉన్నారు. తాడుకు వాడే 'లారియట్' అనే మాట, కౌబాయ్ విద్యల పోటీకి వాడే 'రోడియో' అనే మాట స్పానిష్ నుంచి వచ్చినవే.

రాత్రిపూట మంద పడుకున్నాక ఇద్దరు కాపరులు గుర్రాల మీద ఎదురెదురుగా దాని చుట్టూ తిరిగేవారు. తిరుగుతున్నంతసేపూ ఏదో ఒకటి పాడుతూ ఉండాలి. ఉరుము ఉరిమినా, చీకట్లో కొమ్మ విరిగినా వేల పశువులు ఒక్కసారిగా లేచి పరుగెడతాయి. అడ్డుపడ్డ మనిషి మిగలడు. తెలిసిన గొంతు వినబడుతూ ఉంటే వాటికి భయం ఉండదు. కౌబాయ్ పద్యం చెవికి ఇంత దగ్గరగా ఉండటానికి ఆ రాత్రులు కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది. చదువు లేనివాడికి కూడా ఒకసారి వింటే నోటికి వచ్చేయాలి. అందుకే ప్రాస గట్టిగా ఉంటుంది, నడక గుర్రం నడకలా ఉంటుంది.

అయితే క్లార్క్ ఆ మందల వెంట వెళ్లినవాడు కాదు. 1874లో ముళ్లకంచెకు పేటెంట్ వచ్చింది. మెల్లగా మైదానాలకు కంచెలు పడ్డాయి. 1886-87 చలికాలంలో మంచుకు లెక్కలేనన్ని పశువులు చచ్చిపోయాయి. ఆయనకు ఊహ తెలిసేసరికే ఆ పాత రోజులు కథలైపోయాయి.

ఆయన పుట్టింది 1883 జనవరి 1న, అయోవా రాష్ట్రంలోని ఆల్బియాలో. మూడు నెలల పసివాడిగా ఉండగానే కుటుంబం డకోటాకు వచ్చేసింది. తండ్రి మెథడిస్ట్ పాస్టర్. బదిలీల మీద ఊళ్లు మారుతూ బంగారు గనుల ఊరు డెడ్‌వుడ్‌కు చేరారు. తుపాకులకు, జూదానికి పేరు మోసిన ఊరది. ఆ కాలపు కథల్లో తరచూ వినిపించే కెలామిటీ జేన్ 1903లో చనిపోతే అంత్యక్రియలు జరిపించింది క్లార్క్ తండ్రే. కొడుకు మాత్రం తండ్రి దారి పట్టలేదు. డకోటా వెస్లియన్ యూనివర్సిటీలో చేరాడు కానీ డిగ్రీ పూర్తి చేయలేదు. కొందరితో కలిసి క్యూబా వెళ్లాడు, అక్కడా నిలదొక్కుకోలేదు. ఇంటికి తిరిగొచ్చాక క్షయ అని తేలింది.

ఆ మాట ఆ ఇంట్లో ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. 1898లో వాళ్ల అమ్మను తీసుకుపోయింది క్షయే. అప్పటికి ఆ జబ్బుకు మందు లేదు. పొడి గాలి, ఎండ ఉన్న చోటికి వెళ్లమనేవారు, అంతే. అలా ఇరవై మూడేళ్ల వయసులో, దక్షిణాన మెక్సికో సరిహద్దుకు దగ్గరగా ఉన్న అరిజోనా ఎడారికి వెళ్లాడు.

టూంబ్‌స్టోన్ అనే ఊరికి దగ్గర్లో ఒక పశువుల రాంచ్‌ను చూసుకునే పని దొరికింది. యజమానులు అక్కడ ఉండరు. పశువులు కొద్దిగానే ఉన్నాయి, పనీ తక్కువే. రోజులు మాత్రం చాలా పెద్దవి. నాలుగేళ్లు అలా గడిచాయి, ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. చావుకు భయపడి వెళ్లిన మనిషికి అక్కడ బతకడం అంటే ఇష్టం పుట్టింది. ఆ సంతోషాన్ని ఇంటికి రాసే ఉత్తరాల్లో మామూలు మాటల్లో పెట్టలేక ఒకసారి పద్యంలో రాసి సవతి తల్లికి పంపాడు. గుర్రపు స్వారీ గురించిన పద్యం. ఆవిడ దాన్ని చదివి దాచేయలేదు, కొడుక్కి చెప్పకుండా ఒక పత్రికకు పంపింది. పత్రిక వాళ్లు అచ్చువేసి పది డాలర్ల చెక్కు పంపారు.

ఆ పది డాలర్లతో క్లార్క్ జీవితం దారిలో పడింది. పైన బాస్ లేడు, టైముకు హాజరు కావాల్సిన పని లేదు. ఇన్నాళ్లూ తాను వెతుక్కుంటున్న ఉద్యోగం ఇదేనని అనుకున్నాడట. మన ఇళ్లలో కూడా పిల్లలు రాసిన కాగితాలు ఎవరో ఒకరు పట్టించుకుని ముందుకు పంపకపోతే ఎన్ని అలాగే ఉండిపోతాయో కదా. నాకు ఈ కథలో క్లార్క్ మీద ఎంత ఇష్టమో, ఆ తల్లి మీదా అంతే ఇష్టం.

మొదట్లో చెప్పిన ప్రార్థన పద్యం కూడా ఆ అరిజోనా రోజుల్లోనిదే. అమ్మ కోసం రాశానని దాని కింద పెట్టుకున్నాడు. పాస్టర్ కొడుకు రాసిన ప్రార్థనలో చర్చి లేదు, చూశారా! తాను చర్చిలున్న చోట బతికినవాణ్ణి కానని, దేవుడు సృష్టి పూర్తిచేసి బాగుందనుకున్న రోజున అది ఎలా ఉందో అలాగే తనకు ఇష్టమని ఆ కౌబాయ్ అంటాడు. ఫ్యాక్టరీ కూతకు, గడియారానికి, గంటకు బానిసను కానందుకు, గోడల మధ్య ఖైదీని కానందుకు దండం పెడతాడు. ఆ తర్వాత కోరికలు. డబ్బూ అడగడు, ఆయుష్షూ అడగడు. కింద పడిన మనిషి పట్ల తనను మెత్తగా ఉండనివ్వమని అడుగుతాడు. నేను దారి తప్పినప్పుడు సరిదిద్దు, ముందున్న మసక దారిలో తోడుండు అంటాడు. క్షయతో ఎడారికి వెళ్లిన కుర్రవాడు ఆ మసక దారి అన్నప్పుడు ఏం చూస్తూ అన్నాడో తెలిస్తే ఆ మాట మరో రకంగా వినిపిస్తుంది.

ఆ కాలంలోనే రాసిన ఇంకో పద్యం సరిహద్దు ప్రేమ గురించి. ఒక కౌబాయ్ మెక్సికో అమ్మాయిని ప్రేమిస్తాడు. జూదంలో గొడవై, రాత్రికి రాత్రి సరిహద్దు దాటి పారిపోతాడు. మళ్లీ అటు వెళ్లలేడు. ఆమె మెక్సికన్, నేను తెల్లవాణ్ణి, ఇలా కావడమే మంచిదేమో అని తనకు తానే సర్ది చెప్పుకుంటాడు. ఆ మాట నాకు మింగుడు పడదు, పడకూడదు కూడా. కానీ పద్యం అక్కడ ఆగదు. అదంతా అన్నాక, ఆమె స్పానిష్‌లో చెప్పిన వీడ్కోలు మాట మాత్రం తన చెవుల్లోంచి పోవడం లేదని ఒప్పుకుంటాడు. ఆ సర్దుబాటు అబద్ధమని పద్యమే చెప్పేస్తుంది. 1925లో దీనికి బాణీ కట్టారు. తర్వాత ఎందరో గాయకులు పాడారు, బాబ్ డిలన్ కూడా రికార్డు చేశాడు. ఇది పాతకాలపు జానపద గీతమని అనుకునేవాళ్లు ఎక్కువ, క్లార్క్ రాశాడని తెలిసినవాళ్లు తక్కువ.

1910లో తండ్రి వయసు మీద పడటంతో ఆయన సౌత్ డకోటాకు తిరిగొచ్చేశాడు. 1915లో మొదటి పద్యాల పుస్తకం వచ్చింది, రెండేళ్లకు మరొకటి. బడుల్లో, కాలేజీల్లో, సభల్లో పద్యాలు చెబుతూ, ప్రసంగాలు చేస్తూ ఊళ్లు తిరిగాడు. మిలిటరీ ఆఫీసర్ కోటు, పొడుగు బూట్లతో వేదిక ఎక్కేవాడు. 1937లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన్ను సౌత్ డకోటాకు తొలి ఆస్థాన కవిగా ప్రకటించింది. ఆస్థాన కవిని ఇంగ్లీషులో 'పొయెట్ లారియేట్' అంటారు కదా, ఆయన దాన్ని 'పొయెట్ లారియట్' చేసుకుని నవ్వేవాడు. లారియట్ అంటే కౌబాయ్ తాడు.

అంత గౌరవం వచ్చినా ఉండటం మాత్రం కస్టర్ స్టేట్ పార్కు అడవిలోనే. ముందు ఒక చిన్న గదిలో ఉంటూ, ఏళ్లకు ఏళ్లు కష్టపడి నాలుగు గదుల ఇల్లు కట్టుకున్నాడు. బ్యాడ్జర్ అంటే నేలలో బొరియ తవ్వుకునే జంతువు. అందుకని ఇంటికి బ్యాడ్జర్ బొరియ అని పేరు పెట్టాడు. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోను లేదు. దీపం వెలుతురులో చదువుకునేవాడు. పెళ్లి చేసుకోలేదు. దాదాపు ముప్పై ఏళ్లు అక్కడే గడిపి, 1957 సెప్టెంబరులో, 74 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. గోడల మధ్య ఖైదీని కానందుకు దండం పెట్టిన మనిషి ఆ మాట మీదే బతికాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది పిల్లల్ని తీసుకుని మౌంట్ రష్‌మోర్ చూడటానికి వెళుతుంటారు. కొండ మీద నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన చోటు. క్లార్క్ ఇల్లు అక్కడికి దగ్గర్లోనే, లీజియన్ లేక్ పక్కన ఉంది. ఆయన పుస్తకాలు, బట్టలు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. ఈ ప్రసంగం వింటున్న మీ అబ్బాయో అమ్మాయో అటు వెళ్తే, ఓ గంట అక్కడా ఆగమని చెప్పండి.

1985 నుంచి దాదాపు ప్రతి ఏటా నెవాడా రాష్ట్రంలోని ఎల్కోలో, రాంచ్ పనులు తక్కువగా ఉండే చలికాలంలో, కౌబాయ్ కవులు కలుసుకుంటున్నారు. కాగితం చూడకుండా పద్యాలు చెబుతారు. సొంతవీ చెబుతారు, క్లార్క్ వంటి పాతవాళ్లవీ చెబుతారు.

పేరు లేకుండా అచ్చయిన ఆ కార్డుల గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. మన చాటు పద్యాలకూ ఇలాగే అయింది కదా, పద్యం మిగిలింది, చెప్పినవాడి పేరు దారిలో జారిపోయింది. క్లార్క్ తన కళ్లతోనే అది చూశాడు. "రచయిత తెలియదు" అని ఉన్న కార్డులు కనబడినప్పుడల్లా వాటిని తీసుకొచ్చి, ఇంట్లో దాచుకునేవాడు. ఇప్పటికీ కౌబాయ్‌ల అంత్యక్రియల్లో ఆ పద్యం వినబడుతుంది. చివర్లో కొందరు ఆయన పేరు చెబుతారు. కొందరు చెప్పరు.

సెలవు. నమస్కారం.