చర్మం ఎంతవరకు రానిస్తుంది: బరువు తగ్గించే పట్టీలపై ప్రసంగం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ఒక పట్టీ గురించి. వెనకనున్న కాగితం ఒలిచి పొట్ట మీదో జబ్బ మీదో అంటించుకుంటే చాలు, ఆకలి మందగిస్తుందనీ, నిద్రలోనే కొవ్వు కరిగిపోతుందనీ ప్రకటనలు చెబుతాయి. ఇటీవల ఆ పెట్టెల మీద ‘జీఎల్‌పీ-1’ అన్న అక్షరాలు కూడా పెద్దగా కనిపిస్తున్నాయి; అది ఆకలిని తగ్గించే ఒక పేగు హార్మోను పేరు. వీటి గురించి నన్ను అడిగేవారు అమాయకులేమీ కారు. “సిగరెట్టు మాన్పించడానికి పట్టీ ఉంది, నొప్పికి ఉంది, గుండె జబ్బుకూ ఉంది, మరి బరువుకు ఎందుకు ఉండకూడదు?” అంటారు. ఇది న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు ముందుగా చర్మం దగ్గర వెతకాలి.

మన చర్మంలో అన్నిటికన్నా పైనుండే మృతకణాల పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రోమీటర్లే, అంటే తల వెంట్రుక కన్నా పలచన. పెంకు మీద పెంకు పేర్చి, సందుల్లో మైనం పూసిన ఇంటికప్పును ఊహించుకోండి. ఎండిన కణాలు పెంకులైతే వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు మైనం. గంటసేపు నీళ్లలో మునిగి ఉన్నా ఒళ్లు నీరు పీల్చుకుని ఉబ్బకపోవడం ఈ కప్పు చలవే. దాన్ని దాటి లోపలికి వెళ్లాలంటే అణువు చిన్నదై ఉండాలి, సుమారుగా 500 డాల్టన్లకు లోబడి (డాల్టన్ అంటే అణువు బరువును కొలిచే ప్రమాణం). అది పూర్తిగా నీటిలో కరిగేదీ కాకూడదు, పూర్తిగా నూనెలో కరిగేదీ కాకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రోజుకు కొద్ది మిల్లీగ్రాములతోనే పనిచేసేంత శక్తి దానికి ఉండాలి, ఎందుకంటే ఆ కప్పులోంచి ఊరేది చుక్కచుక్కగానే.

వైద్యంలో నిలదొక్కుకున్న పట్టీలన్నీ ఈ పరీక్ష నెగ్గినవే. 1979లో అమెరికాలో మొట్టమొదట అనుమతి పొందిన స్కోపలమిన్ పట్టీ ప్రయాణంలో వచ్చే వాంతుల కోసం చెవి వెనక అంటించుకునేది. అది మూడు రోజుల్లో లోపలికి పంపేది దాదాపు ఒక మిల్లీగ్రాము. తీవ్రమైన నొప్పికి వాడే ఫెంటనిల్ పట్టీ మోతాదును మిల్లీగ్రాముల్లో కాదు, గంటకు ఇన్ని మైక్రోగ్రాములని లెక్కిస్తారు. నికోటిన్ అణుభారం 162 మాత్రమే కాబట్టి సులువుగా దూరుతుంది. అయినా పెద్ద మోతాదు నికోటిన్ పట్టీ ఒక రోజంతా పనిచేసి ఇచ్చేది 21 మిల్లీగ్రాములు. దయచేసి ఈ 21ని గుర్తుంచుకోండి.

ఇప్పుడు బరువు తగ్గించే పట్టీ పెట్టె వెనక్కి తిప్పి చదువుదాం. గార్సీనియా అనే పుల్లని కాయ, గ్రీన్ టీ సారం, గ్వారానా గింజలు, సముద్రపు నాచు, మొక్కల నుంచి తీసే బెర్బెరిన్ వంటి పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఎంత పరిమాణంలో ఉన్నాయో చాలా పెట్టెలు చెప్పవు. చెప్పినా, అందులో ఎంత చర్మం దాటుతుందో చెప్పవు. గార్సీనియాలోని హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లాన్నే తీసుకోండి. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో 135 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు 1500 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాల పాటు నోటి ద్వారానే ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రలు మింగిన జట్టుకన్నా వారు చెప్పుకోదగ్గ బరువేమీ తగ్గలేదు. పోనీ, అది పనిచేస్తుందనే అనుకుందాం. 1500ను 21తో భాగించండి. నికోటినంత సులువుగా చర్మం దాటినా, రోజుకు డెబ్బైకి పైగా పట్టీలు ఒంటినిండా అంటించుకోవాలి. పైగా ఆ ఆమ్లం నీటిని ఇష్టపడేది, మైనపు సందుల్లో దానికి దారే దొరకదు.

బెర్బెరిన్ కథ ఇంకా విచిత్రం. దాని అణుభారం 336, ఫెంటనిల్‌దీ దాదాపు అంతే. కాగితం మీద చూస్తే రెండూ కవలలు. కానీ బెర్బెరిన్ అణువు ఎప్పుడూ ధన విద్యుదావేశంతో ఉంటుంది, విద్యుదావేశం ఉన్నదాన్ని కొవ్వు పొర దగ్గరికి రానివ్వదు. పైగా అధ్యయనాల్లో దాన్ని మాత్రల రూపంలో రోజుకు గ్రాము, గ్రామున్నర దాకా ఇచ్చారు. అణువు చిన్నదైనంత మాత్రాన సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక జీఎల్‌పీ-1 సంగతి. ఆ హార్మోనులాగే పనిచేసే సెమాగ్లుటైడ్ అనే మందు ఇంజెక్షన్ నిజంగానే బరువు తగ్గిస్తుంది. 2021లో ప్రచురితమైన అధ్యయనంలో 1961 మంది పాల్గొనగా, వారానికి 2.4 మిల్లీగ్రాముల మందు తీసుకున్నవారు 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గారు. అయితే ఆ అణువు బరువు 4,100 డాల్టన్ల పైమాటే, అంటే చర్మం రానిచ్చే హద్దుకు ఎనిమిది రెట్లు. అదే మందును మాత్రగా తయారుచేయడానికి, కడుపులో దాన్ని లోపలికి చేర్చే మరో రసాయనాన్ని జతచేయాల్సి వచ్చింది. అయినా మింగినదాంట్లో రక్తంలోకి చేరేది ఒక శాతం లోపే. కడుపే అంత పిసినారితనం చూపే మందు మామూలు జిగురు పట్టీలోంచి కారి వస్తుందని నమ్మడం కష్టం. నిజానికి ఆ పట్టీల్లో చాలావాటిలో ఆ మందే ఉండదు, ఆ అక్షరాలే ఉంటాయి.

“మరి మా చెల్లెలు తగ్గిందే” అని ఎవరైనా అనవచ్చు. తగ్గే ఉంటుంది, నేను కాదనను. ఇందాకటి అధ్యయనంలోనే ఇంకో అంకె ఉంది. మందు లేని ఇంజెక్షన్ తీసుకుని, తిండి గురించీ వ్యాయామం గురించీ సలహాలు విన్నవారు కూడా సగటున 2.4 శాతం తగ్గారు. తొంభై కిలోల మనిషికి అది రెండు కిలోల పైచిలుకు. పట్టీ అంటించుకున్న రోజునుంచే మనిషి అద్దం ముందు నిలబడతాడు, తూకం యంత్రం ఎక్కుతాడు, రెండో ముద్దకు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. మొదటి వారంలో ఒంట్లో నిల్వ ఉన్న పిండిపదార్థంతో పాటు దాన్ని అంటిపెట్టుకున్న నీరు కూడా పోతుంది. పేరు మాత్రం పట్టీకి వస్తుంది. మోసపు ప్రకటనలను అరికట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో పత్రికలకు, టీవీ సంస్థలకు ఇచ్చిన మార్గదర్శకంలో, ప్రచురించే ముందే అనుమానించాల్సిన ఏడు రకాల వాగ్దానాలను పేర్కొంది. ఒంటికి అంటించుకుంటే లేదా రుద్దుకుంటే బాగా బరువు తగ్గుతారన్నది వాటిలో ఒకటి. ఆ దేశ చట్టం ప్రకారం ఆహార పూరకం అంటే మింగేదే కాబట్టి, ఈ పట్టీలు ఆ పేరుతో చలామణి కావడానికి కూడా వీల్లేదు.

“పనిచేయకపోతే పోనీ, హాని లేదుగా” అన్న మాటతో నాకు పేచీ ఉంది. లోపలికి ఏమీ వెళ్లకపోతే అది పనికిరాని జిగురు ముక్క. వెళితే, ఎంత వెళుతుందో ఎవరూ కొలవని మందు. గ్వారానాలో ఉన్నది కెఫీన్. గుండె దడ ఉన్నవారికి అది చిన్న విషయం కాదు. కొన్ని సముద్రపు నాచుల్లో అయోడిన్ దండిగా ఉంటుంది, థైరాయిడ్ సరిగా లేనివారికి అది గిట్టదు. ఏ మందు పట్టీ మీదనైనా వేడినీళ్ల సంచి పెడితే చర్మం దాటే మందు పెరుగుతుంది. ఫెంటనిల్ పట్టీల విషయంలో ఈ హెచ్చరికను కరపత్రంలోనే రాస్తారు.

లోపలికి ఏమీ వెళ్లకపోయినా పైన నిలిచిపోయే జిగురు ఒకటుంది. ఒకసారి ఒకావిడ నా దగ్గరికి వచ్చి చీర కుచ్చిళ్ల పక్కన పొట్ట చూపించారు. స్కేలు పెట్టి గీసినట్టు నాలుగు మూలలూ స్పష్టంగా ఉన్న ఎర్రటి చదరం, అంచుల వెంట చిన్నచిన్న నీటి పొక్కులు, దాని పక్కనే పాత చదరం తాలూకు గోధుమరంగు మచ్చ. దురద పుడుతుంటే కొవ్వు కరుగుతోందని అనుకుని ఆవిడ పదిరోజులు ఓర్చుకున్నారట. జిగురులోని ఆక్రిలేట్లు, రెసిన్లు ఒకసారి పడకుండా పోయాయంటే, రేపు గాయానికి వేసే ప్లాస్టరు కూడా పడకపోవచ్చు. ఆ మంటను చూసి నాకు కోపం రాలేదు గానీ, “వెచ్చగా అనిపిస్తే పనిచేస్తున్నట్టే” అని పెట్టె మీద రాసినవారి మీద మాత్రం వచ్చింది.

చర్మాన్ని దాటించే పరిశోధన జరగడం లేదని కాదు. మిల్లీమీటరు కన్నా పొట్టివైన సూదులు వందల సంఖ్యలో పొదిగిన పట్టీలు ఆ పైకప్పును గుచ్చి దారి చేసుకుంటాయి. 2017లో అటువంటి పట్టీతో ఎలుకల్లో, మందు వేసిన వైపు తెల్లకొవ్వును, అంటే ఒంట్లో నిల్వ ఉండే మామూలు కొవ్వును, తగ్గించగలిగారు. అది ఎలుకల మాట. ఆ ప్రయోగాన్ని చూపించి మామూలు జిగురు పట్టీని అమ్మడం వేరే సంగతి.

ఇప్పటికే అంటించుకుని ఈ సభకు వచ్చినవారుంటే సిగ్గుపడవలసిన పని లేదు. ఇంటికి వెళ్లి మెల్లగా తీసి, ఆ చోట ఎర్రదనం ఉందేమో చూసుకోండి. మధుమేహానికో రక్తపోటుకో వాడే మందును ఈ పట్టీ నమ్మి ఆపి ఉంటే వెంటనే మీ డాక్టరుకు చెప్పండి, పెట్టెను కూడా వెంట తీసుకువెళ్లండి. ఎంఆర్‌ఐ తీయించుకునే ముందు ఒంటి మీద ఏ పట్టీ ఉన్నా అక్కడి సిబ్బందికి చెప్పాలి; కొన్ని పట్టీల వెనక సన్నని లోహపు పొర ఉంటుంది, అది యంత్రంలో వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు.